లారీ నాడి పట్టే గేజ్ ఏది?

"లోడు మీద బండి లాగడం లేదన్నా." హిందూపురం, ధర్మవరం మెకానిక్ షెడ్లలో, పెనుకొండ పక్కన పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ డ్రైవర్ల నోట తరచూ వినబడే మాట ఇది. ఖాళీగా ఉంటే బండి బాగానే పోతుంది. చింతపండు బస్తాలో, ఇనుప కడ్డీలో ఎక్కించి ఎక్కుడు దారి పట్టగానే చచ్చుబడిపోతుంది.

అప్పుడు చాలాచోట్ల జరిగేది ఊహ వైద్యం. ఒకరు ఇంజెక్టర్లు పోయాయంటారు, ఇంకొకరు పంపు విప్పమంటారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు పని మొదలైపోతుంది. తీరా చూస్తే తప్పు ఫిల్టర్‌దే కావచ్చు. ఒక ఫిల్టర్ ఖర్చెక్కడ, ఆరు ఇంజెక్టర్ల ఖర్చెక్కడ? సొంత లారీ నడుపుకునే మనిషికి ఆ తేడా రెండు మూడు నెలల కిస్తు. అందుకే విప్పకముందు కొలవాలి. కొలవడానికి గేజ్ కావాలి. మరి ఏ గేజ్?

ముందు దారి తెలుసుకుందాం

డీజిల్ ట్యాంకు నుంచి బయల్దేరి, నీళ్లు వేరుచేసే ప్రీ-ఫిల్టర్ దాటి, ఫీడ్ పంపుకు వస్తుంది. అక్కడి నుంచి మెయిన్ ఫిల్టర్, ఆ తర్వాత హై ప్రెషర్ పంపు, కామన్ రైల్, చివరికి ఇంజెక్టర్లు. చాలా లారీల్లో ఫీడ్ పంపు ఇంజిన్ మీదే ఉంటుంది. అంటే ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను ఎవరూ నెట్టరు, పంపే పీలుస్తుంది. మనం స్ట్రా పెట్టి కొబ్బరినీళ్లు తాగినట్టు. ఫీడ్ పంపు దాటాకే నెట్టుడు మొదలవుతుంది.

కాబట్టి ఈ ఒక్క దారిలోనే మూడు ప్రపంచాలున్నాయి. మొదటిది పీల్పు వైపు, అక్కడ ఒత్తిడి వాతావరణం కంటే తక్కువ. రెండోది ఫీడ్ పంపు నుంచి హై ప్రెషర్ పంపు దాకా, అక్కడ కొన్ని బార్‌లు. మూడోది రైల్, అక్కడ 1600 బార్, కొన్ని ఇంజిన్లలో 2000 బార్ దాకా. 'ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ ఇవ్వండి' అని షాపులో అడిగితే సరిపోదని ఇక్కడే తెలుస్తోంది. ఏ చోట ఒత్తిడి అన్నది తేలాకే ఏ గేజ్ అన్న ప్రశ్న.

రైల్ జోలికి పోవద్దు

1600 బార్ అంటే చదరపు సెంటీమీటరు మీద దాదాపు 1600 కిలోల బరువు. ఒక కారు బరువంతా వేలి గోరంత చోట మోపినట్టు. ఆ లైను వదులు చేసి మామూలు గేజ్ బిగించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వెంట్రుకంత సందులోంచి చిమ్మిన డీజిల్ కూడా చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది. అలా జరిగితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పోవాల్సిందే. రైల్‌కు సెన్సర్ ఎలాగూ ఉంది. ఆ అంకెను స్కానర్‌లో చూసుకోవాలి. మన గేజ్ పని మొదటి రెండు ప్రపంచాల్లోనే.

రేంజి లెక్క

"పెద్ద రేంజి తీసుకుంటే అన్నిటికీ పనికొస్తుంది కదా" అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. గేజ్ మీద క్లాస్ 1.6 అని రాసుంటే, దాని తప్పు పూర్తి స్కేలులో 1.6 శాతం వరకు ఉండొచ్చని అర్థం. 100 బార్ గేజ్‌లో అది 1.6 బార్. పాతకాలం ఇన్‌లైన్ పంపు బండిలో ఫీడ్ ఒత్తిడే సుమారు 1 నుంచి 2 బార్. అంటే 1.5 బార్ కొలవడానికి పోతే, వచ్చిన అంకె కంటే తప్పే పెద్దది! అదే 2.5 బార్ గేజ్ అయితే తప్పు 0.04 బార్ మాత్రమే.

అలాగని మరీ చిన్నదీ వద్దు. పంపు కొట్టే ప్రతి దెబ్బకూ ముల్లు ఊగుతుంది. అలా కొట్టుకునే ఒత్తిడికి, పూర్తి స్కేలులో మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకోవడం మంచి పద్ధతి. మాన్యువల్‌లో ఫీడ్ ఒత్తిడి 5 బార్ అని ఉంటే 10 బార్ గేజ్ సరిపోతుంది. 6 బార్‌ది కొంటే ముల్లు ఎప్పుడూ చివరంచునే వేలాడుతుంది.

పీల్పు వైపుకు మాత్రం వాక్యూమ్ గేజ్ కావాలి, −1 నుంచి 0 బార్. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ వాతావరణ పీడనం 0.94 బార్ దగ్గర ఉంటుంది కాబట్టి ఎంత మంచి పంపైనా −0.94 దాటి పీల్చలేదు.

డయల్ మీద యూనిట్లు కూడా చూసుకోండి. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. షెడ్లో "కేజీ" అంటే చదరపు సెంటీమీటరుకు కిలో, అది 0.98 బార్.

షాపులో చూడాల్సినవి

గేజ్ లోపల వంకర గొట్టం ఒకటుంటుంది. ఒత్తిడి పెరిగితే అది నిటారు కావాలని చూస్తుంది, ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. 1849లో యూజీన్ బూర్డాన్ పేటెంట్ తీసుకున్న ఉపాయమిది. లారీ అదురుకు ముల్లు వణకకుండా గ్లిజరిన్ నింపిన గేజ్ తీసుకోండి. దాని ముందు సన్నని రంధ్రమున్న స్నబ్బర్ పెడితే పంపు దెబ్బలు తగ్గుతాయి. డీజిల్‌కు తట్టుకునే గొట్టమే వాడండి. మరకు టేపు చుట్టొద్దు, దాని పీలికలు పంపులోకి పోతాయి. కొత్త రాగి వాషర్ చాలు.

డ్రైవరు ముందే ఎప్పుడూ గేజ్ కనబడాలనుకుంటే డీజిల్ గొట్టాన్ని క్యాబిన్‌లోకి లాగొద్దు. లీకయితే నిప్పుకు దారి. సెన్సర్ ఇంజిన్ దగ్గర, వైరు మాత్రమే క్యాబిన్‌లోకి.

ముల్లు ఏం చెబుతుంది?

ఫీడ్ పంపు ఇంజిన్ వేగంతో తిరుగుతుంది కాబట్టి ఐడిల్‌లో పీల్పు తక్కువ. రేజ్ చేసి చూడాలి. ఫీడ్ ఒత్తిడిని మాత్రం లోడు మీద చూడాలి, ఎందుకంటే డీజిల్ ఎక్కువ ఖర్చయ్యేది అప్పుడే.

1. రేజ్ చేసినప్పుడు పీల్పు మాన్యువల్ హద్దు దాటి లోతుకు పోతే: ప్రీ-ఫిల్టర్ మూసుకుంది, లేదా గొట్టం నలిగింది, లేదా ట్యాంకులో జాలీ చెత్త పట్టింది.

2. పీల్పు సరిగ్గా ఉండి ఫీడ్ ఒత్తిడి పడిపోతే: మెయిన్ ఫిల్టర్‌కు ముందు, వెనక రెండుచోట్లా కొలవండి. ముందు బాగుండి వెనక పడిపోతే ఫిల్టర్ తప్పు. ముందే తక్కువుంటే ఫీడ్ పంపు, దాని రిలీఫ్ వాల్వు చూడాలి, గాలి పట్టిందేమో కూడా.

3. రెండూ సరిగ్గా ఉండి స్కానర్‌లో రైల్ ఒత్తిడి తక్కువైతే: అప్పుడే హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్ల వంతు.

సర్క్యూట్స్ ల్యాబ్‌లో మనం చేసేదీ ఇదే కదా! ఫిల్టర్ రెసిస్టర్ లాంటిది, డీజిల్ ప్రవాహం కరెంట్ లాంటిది. ఎక్కడ ఎక్కువ డ్రాప్ ఉంటే అక్కడే అడ్డు ఉంది.

ఇంకొక్క మాట. ఒకరోజు వచ్చిన అంకెకంటే, మంచిరోజు నుంచి అది ఎంత మారిందన్నదే ఎక్కువ చెబుతుంది. కొత్త ఫిల్టర్ వేసినరోజే రీడింగు తీసి, తేదీ, కిలోమీటర్లతో సహా డ్రైవరు పుస్తకంలో రాసిపెడితే, ఆర్నెల్ల తర్వాత పోల్చుకోవడానికి ఒక కొలబద్ద దొరుకుతుంది.

మినీ ప్రాజెక్టుకు టాపిక్ వెతుక్కునేవాళ్లకు ఇది మంచి పని. 0–10 బార్ సెన్సర్ 0.5 నుంచి 4.5 వోల్టులు ఇస్తే, 5 బార్ దగ్గర 2.5 వోల్టులు రావాలి. ఒక ఆర్డుయినో, ఒక చిన్న డిస్‌ప్లే చాలు. సెమిస్టర్ ఒత్తిడి కొలిచే గేజ్ ఎవరూ కనిపెట్టలేదు గానీ, డీజిల్ ఒత్తిడి కొలిచేది మనమే తయారుచేసి పక్కనున్న షెడ్డుకు ఇవ్వొచ్చు. అది చూసి ఒక్క లారీలోనైనా ఇంజెక్టర్లు అనవసరంగా విప్పకుండా ఆగితే, ఆ ఇంట్లో ఒక నెల కిస్తు కట్టినట్టే.