పసిపిల్లల బడి: దాని మేలిమి యెందున్నది?

బిడ్డకు అయిదేండ్లు నిండగనే తల్లిదండ్రులకు ఒక విచారము పట్టుకొనును. ఏ బడిలో చేర్పింపవలెను? ఇరుగుపొరుగువారిని అడుగుదురు, భవనమును చూతురు, అచట చదివిన పెద్దపిల్లలకు వచ్చిన మార్కులను విచారింతురు, ఆంగ్లమాధ్యమమా, తెలుగుమాధ్యమమా యని తర్కింతురు. ఇవి యన్నియు అడుగదగినవే. కాని ఆ బడిలో అందరికంటె వెనుకబడిన బిడ్డ ఎట్లున్నాడని అడిగినవారిని నేను అరుదుగనే చూచితిని. ప్రాథమిక పాఠశాల మేలిమిని తెలిసికొనుటకు ఇంతకు మించిన ప్రశ్న లేదని నా నమ్మకము. చురుకైన పిల్లవాడు ఎట్టి బడిలోనైనను ఎట్లో కొంత నేర్చుకొనును. మంచి బడి, చెడ్డ బడి అను భేదము ముఖ్యముగా సోకునది వెనుకబడిన వానికే.

మన పూర్వపు వీధిబడులను తలచుకొందము. 1823వ సంవత్సరమున బళ్ళారి జిల్లా కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడులనుగూర్చి మద్రాసునకు ఒక నివేదిక పంపెను. నేటి అనంతపురపు సీమయు ఆనాడు ఆ జిల్లాలోనిదే. 533 బడులు, 6,641 మంది విద్యార్థులు కలరని ఆయన లెక్క. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించుటయు, ముందు నేర్చినవాడు వెనుకవానికి నేర్పుటయు ఆయనకు నచ్చినవి. నిజముగ మెచ్చదగినవే. ఇసుకకు ఖర్చులేదు; ఒకరికి చెప్పినకొలది తనకు వచ్చినది గట్టిపడును. అయితే ఆ నివేదికలోనే మరియొక చిత్రమున్నది. ఉదయమున అందరికంటె ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపైన వచ్చువారికి వరుసగా ఒక్కొక్క దెబ్బ హెచ్చు. మన పెద్దలు కథలుగా చెప్పుకొను కోదండము, గోడకుర్చీ, తొడపాశము ఈ కోవలోనివే. ఆలోచింపుడు: అందరికంటె చివర వచ్చు బాలుడు ఎవడు? ఇంట చంటిబిడ్డను ఎత్తుకొనవలసినవాడో, పశువులను తోలి రావలసినవాడో, జ్వరము తగ్గి ఆనాడే లేచినవాడో కావచ్చును. అన్నిటికంటె ఎక్కువ దెబ్బలు వానికే.

అర్థము తెలియని పద్యములను పిల్లలు వల్లించుచున్నారనియు క్యాంప్‌బెల్ వ్రాసెను. వీధిబడిని నిందించుట నా యుద్దేశ్యము కాదు. తరతరముల వారికి అక్షరభిక్ష పెట్టినది అదియే. కాని అర్థములేని వల్లింపు, చివరివానికి దండన అను ఈ రెండును వీధిబడులతోనే పోలేదు. ఇది ఇతరులు చెప్పగా విన్నమాట కాదు, నా యనుభవమే.

నేను కొంతకాలము ఒక పల్లెబడిలో ఉపాధ్యాయుడనుగా ఉంటిని. మూడవ తరగతిలో ఒక బాలుడు గుణింతములను పాటవలె చెప్పెడివాడు. 'కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి' అని మొదలిడినచో ఒక్క తప్పు లేక చివరివరకు సాగెడివాడు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చినపుడు వానినే నిలువబెట్టి చెప్పించితిమి. ఒకనాడు పుస్తకములో 'కిటికి' యను మాటపై వ్రేలుంచి చదువుమంటిని. వాడు గోడమీది గుణింతపు పట్టికవైపు చూచుచు, మొదటినుండి లోలోపల పాడుకొనుచు, పెదవులు కదపసాగెను. పాట లేనిదే వానికి అక్షరము లేదు! నాకు విసుగు వచ్చినది. పాఠములు పూర్తిచేయవలెనను తొందర ఒకటి. పోయి వెనుక వరుసలో కూర్చుండుమంటిని. వాడు మారు పలుకక పోయి కూర్చుండెను. అయిదవ తరగతి ముగియువరకు అచటనే కూర్చుండెను. బడి విడిచిపోవునాటికి తన పేరు వ్రాయగలిగెను. ఒక ఉత్తరము చదువలేకపోయెను. వాని పేరునకు ఎదురుగా 'ఉత్తీర్ణుడు' అని రిజిస్టరులో వ్రాసిన చేయి నాదే.

ఆ తరువాత చాలకాలమునకు గిజూభాయి బధేకా వ్రాసిన 'దివాస్వప్న' చదువుట తటస్థించినది. గిజూభాయి (1885–1939) గుజరాతునకు చెందిన న్యాయవాది. తనకు కుమారుడు కలిగిన తరువాత శిశువిద్యపై మనసు మళ్ళి, వకీలువృత్తి మాని, 1916లో భావనగరులోని దక్షిణామూర్తి సంస్థలో చేరెను. 1920లో అచట బాలమందిరమును స్థాపించెను. జనులు ఆయనను 'మీసాల తల్లి' అని ముద్దుగా పిలిచెడివారు. 1931లో వెలువడిన ఈ పుస్తకమున లక్ష్మీరామ్ అను కల్పిత ఉపాధ్యాయుడు నాల్గవ తరగతిని ఒక యేడు తనకు అప్పగింపుమని అధికారిని అడిగి తీసికొనును. మొదటిరోజుననే, ఇంటివద్ద వేసికొని వచ్చిన ప్రణాళిక యంతయు పిల్లల గోలలో కొట్టుకొనిపోవును. మరునాటినుండి ఆయన పాఠము చెప్పడు, కథ చెప్పును. గోలచేసిన పిల్లలే నోరు మెదపక కూర్చుందురు. పాఠ్యపుస్తకములకై తెచ్చిన డబ్బుతో కథల పుస్తకములు కొని తరగతిలోనే చిన్న గ్రంథాలయము నేర్పరచును. తోటి ఉపాధ్యాయులు నవ్వుదురు.

నన్ను ఆకర్షించినది ఈ కథాకథనమే. ఎక్కములు చెప్పుటలో మొదటివాడు, చివరివాడు ఉందురు. కథ వినుటలో వెనుక వరుస యనునది లేదు. చదువురానివానికిని రాజకుమారుడు ఏమైనాడో తెలియవలెను. మాట ముందు చెవికి పట్టుబడును, 'తరువాత ఏమైనది?' అను ఆతురత వానిని తానుగా పుస్తకమువద్దకు నడిపించును. నా విద్యార్థికి నేను గుణింతమునకు ముందు పది కథలు చెప్పియుండవలసినది.

ఇది కల్పనయే గదా యని కొందరనవచ్చును. కాని గిజూభాయితో పనిచేసిన తారాబాయి మోడక్ దీనిని కల్పనగా మిగులనీయలేదు. ఆమె 1945లో బోర్డీలో గ్రామబాలురకై పని ప్రారంభించి, 1957లో కోస్‌బాడ్ కొండకు తరలి, అనుతాయి వాఘ్ తోడుగా ఆదివాసీ బిడ్డలకు చదువు నేర్పెను. పిల్లలు బడికి రాకున్నచో బడియే వారి వాకిళ్ళకు పోయినది. పశువులు కాచు పిల్లలకై పచ్చికబయళ్ళలోనే బడి నడిపిరి. బళ్ళారి బడిలో అందరికంటె చివర వచ్చి దెబ్బలు తినిన బాలుడు జ్ఞాపకము వచ్చుచున్నాడు కదా! 1962లో భారతప్రభుత్వము తారాబాయికి పద్మభూషణ్ ఇచ్చి గౌరవించెను.

చట్టమును చేయవలసినది కొంత చేసినది. 2001 నవంబరు 28వ తేదీన సర్వోన్నతన్యాయస్థానము ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమికపాఠశాలలలో వండిన మధ్యాహ్నభోజనము పెట్టవలెనని ఆదేశించెను. 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కుచట్టము బిడ్డను కొట్టుటనేగాక మనసు నొప్పించుటను గూడ నిషేధించెను. అయిదవ తరగతివరకు ఏటికి 200 పనిదినములు, 800 బోధనగంటలు, అరువదిమంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండవలెనని విధించెను. ఆకలితోను భయముతోను ఉన్న బిడ్డకు చదువు ఎక్కదు గనుక ఇవి పునాదివంటివి. కాని వెనుక వరుసలోని బాలునికి 'కి' తెలియునా అని చట్టము చూడలేదు. ఒక మనుష్యుడు చూడవలెను.

చూచు ఉపాధ్యాయుడు ఏమి చేయును? గుణింతమును వరుసగా అప్పగింపుమనడు. నడుమనున్న అక్షరమునే చూపును. తరగతి యేదైనను, అక్షరములు రానివారిని, మాటలు చదువగలవారిని, వాక్యము చదువగలవారిని వేరువేరుగా కూర్చుండబెట్టి, ఎవరికి కావలసినది వారికిచ్చును. వచ్చినవానిచే రానివానికి చెప్పించును. ఇది మన వీధిబడి సొత్తే. మొదటి యేండ్లలో ఇంటిభాషలోనే మాటాడించును. కోయ, గోండు, లంబాడీ బిడ్డలకు తెలుగే క్రొత్తభాష యని మనము తరచుగా మరచిపోవుదుము. అట్టి బిడ్డ మౌనమును మందబుద్ధి యని మంచి ఉపాధ్యాయుడు పొరబడడు.

కనుక బిడ్డను చేర్పింపబోవు తండ్రి, తల్లి, తాతగారు ఒక పూట ఆ బడిలో కూర్చుండుట మంచిది. మూడవ తరగతిలో, ఉపాధ్యాయుని అనుమతితో, వెనుక కూర్చున్న బిడ్డప్రక్కకు పోయి, ఇంకను చెప్పని పాఠములో ఒక చిన్నమాటపై వ్రేలుంచి మెల్లగా అడుగుడు. చదివినచో సంతోషము. చదువలేకపోయినచో బిడ్డ ముఖమును గాక ఉపాధ్యాయుని ముఖమును చూడుడు. ఆనాడు నా ముఖమున కనిపించిన విసుగే అచట కనిపించినచో మరియొక బడిని వెదకుడు. ఆయన వచ్చి ఆ బిడ్డప్రక్కన నేలమీద కూర్చుండినచో, పెంకుటికప్పు కారుచున్నను సరే, మీవానిని అచటనే చేర్పింపుడు.