కారులో రచ్చబండ

పిల్లలూ! మన ఇంట్లో కంప్యూటర్లు ఒకటో రెండో ఉంటాయి. మరి కారులో? ఇంజనుకు ఒకటి, బ్రేకులకు ఒకటి, గేర్లకు ఒకటి, మీటర్లకు ఒకటి... ఇలా ఎన్నో ఉంటాయి. వీటినే కంట్రోల్ మాడ్యూళ్లు అంటారు. ఇవి తమలో తాము ఎలా మాట్లాడుకుంటాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందు వేగం సంగతి చూద్దాం. ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సర్ ఉంటుంది. చక్రం తిరుగుతుంటే అది బ్రేకు మాడ్యూలుకు సంకేతాలు పంపుతుంది. బ్రేకు మాడ్యూలు వాటిని లెక్కకట్టి, నాలుగు చక్రాల వేగాన్నీ క్షణక్షణమూ అందరికీ చెబుతుంది. ఎందుకంత తొందర? గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 25 మీటర్లు దాటిపోతుంది మరి!

పూర్వం ఒక్కో కబురుకు ఒక్కో తీగ వేసేవారు. కార్లలో తీగలు చాలా పెరిగిపోయాయి. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ ఇంజనీర్లు 1983లో పని మొదలుపెట్టి, 1986లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ‘క్యాన్’ అనే పద్ధతిని ప్రకటించారు. ఇందులో మెలివేసిన తీగలు రెండే. ఒక జట్టు మాడ్యూళ్లన్నీ వాటికే తగిలించి ఉంటాయి. ఇక్కడ బెడోక్ రోడ్ల మీద తిరిగే కార్లలోనూ, 2019 నుంచి మన రాయలసీమలో పెనుకొండ దగ్గర తయారవుతున్న కియా కార్లలోనూ ఈ పద్ధతే ఉంది.

ఇది మన పల్లెల్లోని రచ్చబండ లాంటిది. రచ్చబండ అంటే ఊరి మధ్య చెట్టుకింద పెద్దలు కూర్చుని మాట్లాడుకునే అరుగు. ఒకరు చెప్పింది అందరూ వింటారు. ఎవరికి కావలసింది వారు తీసుకుంటారు. చక్రాల వేగం వినగానే మీటరు మాడ్యూలు ముల్లును కదుపుతుంది, గేర్ల మాడ్యూలు గేరు సంగతి చూసుకుంటుంది.

ఇద్దరు ఒకేసారి మాట్లాడితే? ప్రతి కబురుకూ ముందు 0, 1లతో ఒక సంఖ్య ఉంటుంది. తీగ మీద 0, 1 కలిస్తే 0దే గెలుపు. ఒకరిది 0101, మరొకరిది 0110 అనుకుందాం. మూడో అంకె దగ్గర రెండోవారు 1 పంపి, 0 వింటారు. వెంటనే ఆగిపోతారు. మొదటివారి మాట చెడకుండా సాగిపోతుంది. అందుకే ముఖ్యమైన కబుర్లకు చిన్న సంఖ్యలు ఇస్తారు.

వానలో ఇంజను తిప్పే చక్రం ఒకటి జారి, మిగతావాటికన్నా వేగంగా తిరిగిందనుకోండి. బ్రేకు మాడ్యూలు ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది. “బలం కాస్త తగ్గించు” అని ఇంజనుకు కబురు పెడుతుంది. మీటర్ల పలకలో జారుతున్న కారు బొమ్మ మెరుస్తుంది.

తల్లిదండ్రులకు మా మనవి: ఆ బొమ్మ మెరిస్తే రోడ్డు జారుతోందని అర్థం, వేగం తగ్గించండి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే, మీటను మీరు ఆపి ఉండకపోతే, మెకానిక్‌కు చూపించండి. ఒక్క సెన్సర్ పాడైనా ఆ సాయం ఆగిపోవచ్చు. మాడ్యూళ్లు ఎంత చురుగ్గా మాట్లాడుకున్నా, అరిగిన టైరుకు పట్టు తేలేవు.

అభ్యాసం
1. చక్రాల వేగాన్ని అందరికీ చెప్పేది ఎవరు?
2. 0011, 0010 ఒకేసారి మొదలైతే ముందు వెళ్లేది ఏది? ఎందుకు?
3. రచ్చబండ గురించి తాతయ్యనో అమ్మమ్మనో అడిగి, ఐదు వాక్యాలు తెలుగులో రాయండి.