మంచులో దీపం మాట
డిసెంబరు పొద్దున హోసూరు బస్సులో వస్తుంటే ముందు లారీ ఎర్రదీపం మీదికొచ్చేదాకా కనపడలేదు. డ్రైవరు బ్రేకు తొక్కితే అందరం ముందు సీట్లకు గుద్దుకున్నాం.

ఆ దీపమే వెనక బండికి కబురు చెప్పగలదు. ఎల్‌ఇడి కంటికి తెలియనంత వేగంగా మినుకుతుంది, వెనక బండిలోని సెన్సరు ఆ మినుకుల్ని చదువుకుంటుంది. వానే దీనికి శత్రువు అనుకున్నాను. కాదు, మంచు. (నాన్న తమిళంలో మంచుని ‘పని’ అంటారు. దాని పని ఇదన్నమాట!) వాన చినుకు మిల్లీమీటర్లలో ఉంటుంది, చినుకుల నడుమ ఖాళీ ఎక్కువ. అదే నీరు లెక్కలేనన్ని సన్న తుంపరలైతే వెలుగుకి అడ్డం పెరుగుతుంది, నలువైపులా చెదిరిపోతుంది. బండ్లు వాడే రేడియో తరంగం పొడవు దాదాపు 5 సెంటీమీటర్లు, దానికి ఈ తుంపరలు లెక్కే కాదు. ఎండ సెన్సరులో సూటిగా పడ్డా దీపం మాట మునిగిపోతుంది.

అందుకే దీపంతోపాటు రేడియో కూడా ఉండాలంటాను. అమ్మేమో "మంచు విడిచాక బయల్దేరవే" అంటుంది. అప్పటికి మొదటి పీరియడ్ అయిపోతుంది.