బస్తరులో గొడ్డలి: దౌర్జన్యం, గాయం, శిక్ష

భద్రాచలం మన్యానికి పొరుగున ఉన్న బస్తరులో గొడ్డలి నిత్యావసర వస్తువు. అడవికి బయలుదేరిన గోండు పురుషుని భుజాన అది ఉండటం వింత కాదు. చేతికి అందుబాటులో ఉన్న ఆ పనిముట్టే కలహం రేగినప్పుడు శిక్షను మార్చివేస్తుంది.

వెరియర్ ఎల్విన్ బస్తరు మారియాల నూరు హత్య కేసులను పరిశీలించి 1943లో ఒక గ్రంథం ప్రకటించారు. మద్యం, కుటుంబ కలహం, అసూయ, చేతబడి అనుమానం అందులో పదే పదే కనిపిస్తాయి. నూరు కేసులను బట్టి ఒక తెగ స్వభావాన్ని నిర్ణయించటం న్యాయం కాదు. అయితే కలహం ప్రాణం తీయక ముందు ఎక్కడ ఆగినా, ఆ దశకు చట్టంలో వేరు పేరు, వేరు శిక్ష ఉన్నవి.

2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు నేరాలకు 1860 నాటి శిక్షాస్మృతియే వర్తిస్తుంది.

దౌర్జన్యానికి దెబ్బ తగలవలసిన పని లేదు. కొట్టబోతున్నాడన్న భయం ఎదుటివానికి కలిగేటట్లు గొడ్డలి ఎత్తితే చాలును. వట్టి తిట్లు దౌర్జన్యం కావు గాని, ఎత్తిన చేతికి అర్థం చెప్పేవి అవే. దీనికి మూడు నెలల వరకు ఖైదు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును.

వట్టి చేతితో కొట్టి గాయపరిస్తే ఏడాది వరకు ఖైదు. అదే గాయం గొడ్డలితో అయితే మూడేండ్ల వరకు. కట్టెలకే తెచ్చానన్న సమాధానం ఇక్కడ చెల్లదు. కోసే పనిముట్టుతో కొట్టటమే చాలును. ఎముక గాని పన్ను గాని విరిగినా, కన్ను పోయినా, 15 రోజులు తీవ్రమైన బాధ అనుభవించినా అది దారుణ గాయం. పాత చట్టంలో ఈ గడువు 20 రోజులు. దీనికి ఏడేండ్ల వరకు ఖైదు. గొడ్డలితో చేస్తే ఏడాదికి తగ్గకుండా పదేండ్ల వరకు, లేదా యావజ్జీవం.

ఎదుటివాడు అకస్మాత్తుగా, తీవ్రంగా రెచ్చగొట్టినందువల్ల చేసిన దారుణ గాయానికి శిక్ష ఐదేండ్లకు మించదు. తానై తాగిన ఇప్పసారా మత్తుకు అటువంటి మినహాయింపు లేదు.

చేతితో చేసిన సాధారణ గాయం కేసును గాయపడినవాడు రాజీ చేసుకొనవచ్చును. గొడ్డలితో దారుణ గాయమైతే, ఊరి పెద్దలు తప్పు కట్టించి ఇరుపక్షాలను ఒక పంక్తిలో కూర్చోబెట్టినా, కేసు నిలిచే ఉంటుంది. ఈ సంగతి తెలియక, రాజీ జరిగినది గదా అని వాయిదాకు వెళ్ళనివాడు వారంటుకు గురి కావచ్చును.

పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని ముద్దాయిపై రుజువుగా చూపరాదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు కలదు. సాక్షి చెప్పినది ముద్దాయికి అర్థం కాని భాష అయితే, అతనికి తెలిసిన భాషలో కోర్టులోనే వినిపించాలి. గోండి మాత్రమే తెలిసినవానికి, గొడ్డలి ముందుగా ఎవరు ఎత్తారన్న సాక్ష్యం గోండిలోనే చేరాలి.