పాత విద్యుత్ కారుకు ధర కట్టడం ఎలా?

బియ్యం పాతబడితే ధర పెరుగుతుంది. బ్యాటరీ పాతబడితే తరుగుతుంది. లిథియం బ్యాటరీకి బండి నడిచినా, నిలిచినా తరుగు తప్పదు. ఎండ వేడి, నిండా చార్జి చేసి రోజుల తరబడి వదిలేయడం దాన్ని మరింత పెంచుతాయి. ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేని నిస్సాన్ లీఫ్ కార్లలో ఈ తరుగు 2012లో అమెరికాలోని అరిజోనా ఎండలకు త్వరగా బయటపడింది. తర్వాత కంపెనీ బ్యాటరీ సామర్థ్యానికి 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల హామీ ప్రకటించింది.

బేరాన్ని శాసించే రెండో అంశం లిథియం ధర. చైనాలో టన్ను లిథియం కార్బొనేటు 2022 చివర దాదాపు 6 లక్షల యువాన్లు పలికింది. 2024 ద్వితీయార్ధంలో లక్షకు దిగువన నిలిచింది. కొత్త బ్యాటరీ చవకైతే పాత కారు ధరా దిగుతుంది.

కనుక కొనేవారు తిరిగిన కిలోమీటర్లు తక్కువని మురిసిపోరాదు. కొత్తలో ఒక చార్జికి 250 కి.మీ. నడిచిన బండికి 80 శాతం సామర్థ్యం మిగిలితే నడిచేది 200 కి.మీ.లే. మిగిలిన సామర్థ్యాన్ని పరీక్ష చేయించాలి. హామీ గడువు ఎంత మిగిలిందో, అది తమ పేరుకు మారుతుందో లేదో తేల్చుకున్నాకే బయానా ఇవ్వాలి.