జబ్బు మనిషి పేరు కాదు

మనం అ, ఆలు దిద్దింది పలక మీద. పలకలకు పేరు పొందిన ఊరు మార్కాపురం. అక్కడ గనుల్లో రాయి తీస్తారు. దాన్ని పలచగా చీలుస్తారు. కోసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తారు. ఆ పని మీద ఎన్నో కుటుంబాలు బతికాయి.

అక్కడ ఒక కార్మికుడు ఉన్నాడనుకుందాం. చట్రాలు బిగించడంలో అతనిది మంచి చెయ్యి. ఒక ఏడు అతనికి నిద్ర పట్టడం మానేసింది. ఎవరో తిడుతున్నట్టు చెవిలో మాటలు వినిపించేవి. పనికి పోలేదు. గాలి సోకిందని ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు. ఊళ్లోవాళ్లు "పిచ్చోడు" అన్నారు.

పలక మీద రాత తుడిస్తే పోతుంది. ఊరు పెట్టిన పేరు అంత తేలిగ్గా పోదు.

చివరికి అక్క అతన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

"ఇది దయ్యం కాదమ్మా, జబ్బు. మందులు వాడాలి. తగ్గిందని మీ అంతట మీరు మానకూడదు" అన్నాడు డాక్టరు.

కొన్ని నెలలకు అతను కుదుటపడ్డాడు. మేస్త్రీ దగ్గరకు పోయాడు.

"అన్నా, పనికొస్తా."

"మళ్లీ జబ్బు చేస్తే?"

"చెప్పి ఆసుపత్రికి పోతా. మందులకు కొంచెం మత్తుగా ఉంటది. కోత మిషను దగ్గర వద్దు. చట్రాలు బిగిస్తా."

మేస్త్రీ కాసేపు ఆలోచించాడు. "సరే, రేపు రా. అందరితోపాటే కూలి" అన్నాడు.

మొదట్లో అతని పక్కన ఎవరూ కూచోలేదు. ఒకరోజు కొత్త కుర్రాడు వదులైన చట్రం పట్టుకొచ్చాడు. "అన్నా, ఇది ఎట్టా బిగించాల?" అని అడిగాడు. చాలా రోజులకు అతన్ని ఒకరు "అన్నా" అన్నారు.

తెలుసుకోండి:

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది. ప్రభుత్వ ఉద్యోగికి కొలువులో ఉండగా వైకల్యం వస్తే, ఆ కారణంతో ఉద్యోగం తీసేయకూడదు. హోదా తగ్గించకూడదు. రోజు కూలీకి అంత గట్టి భరోసా లేదు. అతనికి తోటివాళ్లే అండ.

మానసిక వైద్యం పొందడం అందరి హక్కు. 2017 నాటి చట్టం ఈ మాట చెప్పింది.

14416కు ఫోను చేస్తే సలహా చెబుతారు. ఈ సేవ 2022లో మొదలైంది. డబ్బు కట్టనక్కర్లేదు. రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు.

ఆలోచించండి:

1. మేస్త్రీ పని ఇవ్వకపోతే అతను ఏమయ్యేవాడు?
2. మీ ఊళ్లో ఎవరినైనా జబ్బు పేరుతో పిలుస్తున్నారా? వాళ్లకు ఏ పని వచ్చు?