పసికందుల వాంతులన్నియు నీటి దోషము కావు

కొల్లేటి పల్లెలలో వానలు మొదలైనప్పటినుండి వాంతులు, విరేచనములు సామాన్యము. కైకలూరు, మండవల్లి ప్రాంతములనుండి గాని, తాడేపల్లిగూడెము చుట్టుపట్లనుండి గాని వాంతులగుచున్న బిడ్డను తెచ్చినపుడు వైద్యుడు ముందుగా నీటి దోషమునే అనుమానించును. పెక్కుమారులు అదియే నిజము. కాని పుట్టి నెల నిండని శిశువునకు ఇదే రూపమున వేరొక వ్యాధి రావచ్చును. దానిని గుర్తింపనిచో బిడ్డ దక్కుట కష్టము. అందుచే ఆ వ్యాధిని గూర్చి ఇచట వివరించుచున్నాము.

వ్యాధి ఎట్టిది?

మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు కలవు. వీనిని అడ్రినల్ గ్రంథులందురు. ఇవి తయారుచేయు హార్మోనులలో ఒకటి శరీరమునందలి ఉప్పును నిలుపును. మరియొకటి జ్వరము, గాయము వంటి వానిని తట్టుకొను శక్తినిచ్చును. కొందరు శిశువులకు వీని తయారీకి వలసిన ఎంజైము పుట్టుకతోనే లోపించును. అప్పుడు ఉప్పు మూత్రముతో పోవును. పురుష హార్మోను మితిమీరును. వైద్యులు దీనిని సి.ఎ.హెచ్. అందురు. హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో జన్మించిన 18,300 మంది శిశువులను పరీక్షించిన ఫలితములు 2004లో వెలువడినవి. సుమారు 2,600 మందిలో ఒకరికి ఈ వ్యాధి కనిపించెను.

ఎందుకు తప్పిపోవును?

మగబిడ్డ పుట్టినపుడు ఆరోగ్యముగనే కనిపించును. రెండవ, మూడవ వారమున పాలు త్రాగడు, వాంతులు చేసికొనును, తూకము తగ్గును. సెలైను ఎక్కింపగానే తేరుకొనును. అందున్నది ఉప్పునీరే గదా! నయమైనదని ఇంటికి పంపుదురు. కొలది దినములలో వ్యాధి మరల తిరుగబెట్టును.

ఆడబిడ్డకు బాహ్య జననాంగములు మగబిడ్డకువలె ఉండవచ్చును. లోపల గర్భాశయము సక్రమముగనే యుండును. సిగ్గుపడి దీనిని దాచరాదు. ఇది శాపము కాదు, చికిత్స గల వ్యాధి.

మరికొందరికి ఉప్పు పోదు. మూడు నాలుగేండ్లకే ఏపుగా పెరిగి, యౌవన చిహ్నములు పొడసూపును. తల్లిదండ్రులు మురిసిపోవుదురు, కాని ఎదుగుదల ముందుగానే ఆగి, బిడ్డ పొట్టిగా మిగులును.

మనము చేయవలసినదేమి?

1. నెలలోపు బిడ్డకు వాంతులగుచు తూకము తగ్గుచున్నచో, తల్లిపాలు మానక, వెంటనే 108 వాహనములో పిల్లల వైద్యులున్న ఆసుపత్రికి చేర్చవలెను. ఏలూరులో 2023నుండి ప్రభుత్వ వైద్య కళాశాలయు కలదు.

2. రక్తములో సోడియము, పొటాసియము, చక్కెర పరీక్షింపుమని అడుగవలెను. సోడియము తగ్గి పొటాసియము హెచ్చినచో అనుమానము బలపడును. 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాను పరీక్షతో నిర్ధారణ యగును.

3. ఇంటిలో మునుపు పసికందు కారణము తెలియక చనిపోయియున్నచో ఆ సంగతి తప్పక చెప్పవలెను. ఈ లోపము తల్లిదండ్రులిద్దరిలోను దాగియున్నచో, ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాల్గింట ఒకటి. మేనరికములలో ఈ ప్రమాదము హెచ్చు.

చికిత్స

1950లో అమెరికా వైద్యుడు లాసన్ విల్కిన్సు కార్టిసోను మందుతో ఈ చికిత్సకు దారి చూపెను. నేడు హైడ్రోకార్టిసోను మాత్రలు, అవసరమైనవారికి ఫ్లూడ్రోకార్టిసోను, పసివారికి కొలత ప్రకారము ఉప్పు ఇత్తురు. బిడ్డ బాగున్నాడని మందు మానినచో ప్రాణాపాయము. జ్వరము వచ్చినపుడు వైద్యుడు చెప్పిన మేరకు మోతాదు పెంచవలెను. మాత్ర కడుపులో నిలువనిచో ఇంజెక్షనునకై ఆసుపత్రికి పరుగెత్తవలెను. ఇట్లు జాగ్రత్త వహించినచో ఈ బిడ్డలును తోడివారివలె బడికి పోయి, పెరిగి పెద్దవారగుదురు.